నల్లకుంట ఇంట్లో బాంబూ షార్క్: ఒక మెరైన్ అక్వేరియం సంస్థతో పదిహేడు నెలలు

ఇళ్లలో ఉప్పునీటి అక్వేరియంలు అమర్చి, చేపలు తెప్పించి ఇచ్చి, ఆపైన నెలవారీ రుసుము మీద వాటి బాగోగులు చూసే సంస్థలు హైదరాబాదులో కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానితో నాకు గత ఏడాది మార్చి నుంచి లావాదేవీ నడుస్తోంది. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి పట్టుబట్టడంతో మొదలై, ఇప్పుడు వాడికన్నా నాకే ఎక్కువ వ్యసనమైపోయిన చిన్న సొరచేప ఒకటి ఆ సంస్థ ద్వారానే మా ఇంటికి వచ్చింది. అది ఆరోగ్యంగా ఉంది, తింటోంది, పెరుగుతోంది. ఈ మాట మొదటే చెప్పడం ఎందుకంటే, ఇకమీద రాయబోయే ఫిర్యాదులు చదివి అది చచ్చిపోయిందేమోనని ఎవరూ కంగారుపడకూడదు. సంస్థ పేరు మాత్రం రాయడం లేదు. ఒప్పందం ఇంకా నడుస్తోంది, పైగా వాళ్ల దగ్గర పనిచేసే ఒక కుర్రాడు చేసిన మేలు గురించి ఇందులో రాయక తప్పదు, ఆ రాత వల్ల అతని ఉద్యోగానికి ముప్పు రావడం నాకు ఇష్టం లేదు.

ముందుగా ఒక పేచీ తేల్చుకోవాలి. షార్క్ అనే మాట మన అక్వేరియం దుకాణాల్లో చాలా చౌకగా వాడతారు. వీధి చివరి దుకాణంలో జతల లెక్కన అమ్మే రెడ్‌టెయిల్ షార్క్, బాలా షార్క్ రెండూ మన బొచ్చె, శీలావతిల కుటుంబానికి చెందిన మంచినీటి చేపలు. వెండిరంగులో మెరిసే ఇరిడిసెంట్ షార్క్ అయితే పంగాసియస్ అనే జెల్లజాతి చేప; చేపల మార్కెట్లో ముక్కలు కొట్టి అమ్మేదీ అదే. అసలైన సొరకు ఎముకలు ఉండవు, అస్థిపంజరమంతా మృదులాస్థి. మొప్పల మీద మూత ఉండదు, మెడకు రెండు పక్కలా అయిదేసి చీలికలు కనిపిస్తాయి. మా ఇంట్లో ఉన్నది బ్రౌన్‌బ్యాండెడ్ బాంబూ షార్క్. శాస్త్రీయ నామం కైలోసిల్లియం పంక్టేటమ్. ఆగ్నేయాసియా నుంచి ఉత్తర ఆస్ట్రేలియా దాకా పగడపు దిబ్బల దగ్గర లోతులేని నీళ్లలో బతుకుతుంది. సినిమాల్లో చూసే సొరల్లా ఇది రాత్రింబవళ్లు ఈదుతూ ఉండనక్కర లేదు. నోటితో నీళ్లు లాగి మొప్పల మీదుగా వదలగలదు కాబట్టి పగలంతా రాతి కింద కదలకుండా పడుకుని, చీకటి పడ్డాక లేచి ఇసుక వెతుక్కుంటుంది. ఇంట్లో పెంచడానికి సొరల్లో కొన్నయినా పనికొస్తాయంటే ఈ స్వభావమే కారణం. మా అమ్మది బందరు. ఆవిడకు సొర అంటే బాలింతలకు వండిపెట్టే పాలసొర, లేదా ఆదివారం పూట పిట్టు. లక్షలు పోసి దాన్ని గాజు పెట్టెలో పెట్టుకోవడం ఏమిటో ఆవిడకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఇక సంస్థ దగ్గరికి వద్దాం. మొదటిసారి వెళ్లినప్పుడు మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడిన అమ్మకాల మనిషి మర్యాదస్థుడు, ఓపిక ఉన్నవాడు, టీ కూడా ఇప్పించాడు. అయితే ఆయన మమ్మల్ని అడిగినవి రెండే ప్రశ్నలు: బడ్జెట్ ఎంత, గోడ పొడవు ఎంత. అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్యాంకు చాలునని, ఈ సొర ఎంత పెరిగినా రెండడుగులు దాటదని, ఆపైన చేప ఎప్పుడూ ట్యాంకును బట్టే పెరుగుతుందని ధీమాగా చెప్పాడు. ఈ చివరి మాట మన ఊళ్లో అక్వేరియం దుకాణాలన్నింటిలోనూ వేదవాక్యంలా చలామణీ అవుతుంది. చేప ట్యాంకును బట్టి పెరగదు. ఇరుకులో పెట్టి చెడ్డ నీళ్లలో ఉంచితే గిడసబారి, రోగాలు తెచ్చుకుని, రావలసిన దానికన్నా ముందే చస్తుంది. బ్రౌన్‌బ్యాండెడ్ బాంబూ షార్క్ ఎదిగితే మీటరు దాకా వస్తుంది, అంటే మూడడుగుల పైచిలుకు. మూడడుగుల ప్రాణి రెండడుగుల వెడల్పులో వెనక్కి ఎలా తిరుగుతుందని నేను అడిగితే ఆయన నవ్వి, అది చాలా మెత్తగా వంగుతుంది సార్ అన్నాడు. వంగుతుంది, నిజమే. కానీ జీవితాంతం వంగుతూ బతకడం వేరు. బాగా చూసుకుంటే రెండు దశాబ్దాల దాకా బతికే జీవి ఇది.

అంతకన్నా పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. అప్పట్లో ట్యాంకు పెట్టాలనుకున్నది నిజాంపేటలో మేముండే మూడో అంతస్తు ఫ్లాటులో. కొలతలు తీసుకోవడానికి వచ్చిన ఇద్దరూ గోడ కొలిచారు, ప్లగ్గులు లెక్కపెట్టారు, సోఫా ఎక్కడికి జరపాలో చెప్పారు. గచ్చు ఎంత బరువు మోస్తుందని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న వేసింది సివిల్ ఇంజనీరైన మా బావమరిది. నివాస గృహాల గచ్చును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక బరువు కోసం లెక్కవేయాలని ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. రెండడుగుల లోతు నీళ్లంటే, ట్యాంకు చిన్నదైనా పెద్దదైనా, చదరపు మీటరుకు 600 కిలోల పైమాటే. గాజు, ఇనుప స్టాండు, రాళ్లు, ఇసుక ఆపైన. గోడ వారగా దూలం మీద పడేలా పెడితే చిన్న ట్యాంకులు నిలబడతాయని, కానీ సొరకు సరిపోయే వైశాల్యంతో ఆ సాహసం మూడో అంతస్తులో చేయవద్దని అతను ఖరాఖండిగా చెప్పాడు. ఈ సంగతి సంస్థకు ఫోన్ చేసి చెబితే వాళ్లు నొచ్చుకోలేదు, వాదించనూ లేదు. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతామన్నారు. అడిగినదానికల్లా సరేననడం కూడా ఒక లోపమేనని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

చివరికి నల్లకుంటలో మా నాన్నగారి పాత ఇంట్లో, కింది వాటాలో, నేల మీదనే కాంక్రీటు దిమ్మె వేయించి, 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంకు కట్టించాం. దానిలో 1,800 లీటర్లు పడతాయి. ఇక్కడి నుంచి సంస్థ పనితనం గురించి మంచి చెప్పాలి. గాజు అతుకులు శుభ్రంగా ఉన్నాయి, ఈ పదిహేడు నెలల్లో చుక్క కారలేదు. రాళ్లను ఇసుక మీద కాకుండా అడుగు గాజు మీదే ఆనించి, ఒకదానికొకటి బిగించి, ఆ తరవాతే ఇసుక పోశారు. సొర ఇసుక తవ్వుతుంది, ఇసుక మీద నిలబెట్టిన రాయి దాని మీదే కూలుతుంది. ఇసుక కూడా సన్నటిదే తెచ్చారు, గరుకు పగడపు రవ్వ అయితే పొట్ట గీసుకుపోతుంది. మూతకు నాలుగు వైపులా గొళ్లేలు పెట్టారు. ట్యాంకు కింద ఉండే ఫిల్టరు తొట్టిని వీళ్లు సంప్ అంటారు. హైదరాబాదీలకు సంపు అంటే నేలలో నీళ్లు నిలవచేసుకునే తొట్టి కనుక, "సంప్‌లో ఉప్పు కలుపుతాం అమ్మగారూ" అని పనివాళ్లు అన్న రోజున మా అమ్మ పెరట్లోకి పరుగెత్తి సంపు మూత మీద నిలబడింది.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సముద్రానికి రోడ్డు దారిన మూడు వందల కిలోమీటర్ల పైన ఉన్న ఊళ్లో సొరను పెంచడమంటే ముందు సముద్రాన్నే తయారుచేసుకోవడం. మా వీధికి మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, వాటిలో క్లోరిన్ ఉంటుంది. బోరు నీళ్లు వేసవిలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 900 దాటుతాయి. రెండూ నేరుగా పనికిరావు. ఆర్‌ఓ యంత్రంలో వడగట్టి, దాని తరవాత మిగిలిన లవణాలను పట్టే రెజిన్ గొట్టంలో పంపి, దాదాపు సున్నా టీడీఎస్ నీళ్లు చేసుకుని, వాటిలో లీటరుకు 35 గ్రాముల లెక్కన కృత్రిమ సముద్రపు ఉప్పు కలపాలి. వంటింటి ఉప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం వగైరా లవణాలన్నీ సముద్రంలో ఉండే పాళ్లలో కలిపి అమ్మేది. సంప్‌తో కలిపి మా వ్యవస్థలో రాళ్లూ ఇసుకా పోను సుమారు 2,000 లీటర్లు తిరుగుతాయి కనుక మొదటిసారికి 70 కిలోల ఉప్పు పట్టింది. వారానికి 200 లీటర్లు తీసి కొత్త నీళ్లు పోయాలంటే ప్రతివారం 7 కిలోలు. ఆ 200 లీటర్లు తయారయ్యేలోగా ఆర్‌ఓ దాదాపు 400 లీటర్లు బయటికి వదిలేస్తుంది. వాటితో వాకిలి కడగడం, స్కూటర్లు కడగడం, పొరుగింటి మేడ మీద కట్టుబడికి నీళ్లు పట్టడం కూడా అయింది. ఈ నీటి నష్టం గురించి సంస్థ మాకు ముందుగా చెప్పలేదు. మే నెలలో ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో ఇది చిన్న విషయం కాదు, చెప్పి ఉండాల్సింది.

ఏప్రిల్ 20న నీళ్లు నింపారు. పదో రోజుకల్లా అమ్మకాల మనిషి ఫోన్ చేసి, బ్యాక్టీరియా సీసా పోశాం కదా, చేపను తెచ్చేస్తామన్నాడు. అదే సాయంత్రం పరీక్షకు వచ్చిన టెక్నీషియన్ కుర్రాడు గాజు గొట్టంలో నీళ్లు పోసి, చుక్కలు వేసి, ముదురు ఆకుపచ్చగా మారిన ఆ గొట్టాన్ని నా చేతికిచ్చి రంగుల అట్ట పక్కన పెట్టి చూడమన్నాడు. అమ్మోనియా అది. చేపల విసర్జనలోంచి పుట్టే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, మరో రకం నైట్రేటుగా మారుస్తాయి. ఆ రెండు రకాలూ రాళ్లలో స్థిరపడి అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా కావడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. "వాళ్లకు బిల్లు తొందర సార్, దీనికి తొందరేం లేదు" అన్నాడతను ట్యాంకు వైపు చూపించి. అతనిది చీరాల దగ్గర ఒక పల్లె. ఇంట్లో వాళ్లు వేటకు వెళ్లేవాళ్లే. ఆ ఒక్క మాటతో నేను అమ్మకాల మనిషి ఫోన్లు తగ్గించి, ఈ కుర్రాడి నంబరు దాచుకున్నాను. మే నెలాఖరుకు గానీ అంకెలు సున్నాకు రాలేదు.

ఆ మధ్యలోనే ఇంకొకటి జరిగింది. నీళ్లు పాకానికి రావడానికని సంస్థ వాళ్లు నాలుగు డామ్సెల్ చేపలు వదిలారు. వారానికే వాటి మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లమచ్చలు వచ్చాయి. ఫోన్ చేస్తే దుకాణం నుంచి వచ్చిన సలహా: రాగి ఉన్న మందు సీసా పంపుతున్నాం, ట్యాంకులో పోసేయండి. కుర్రాడు వచ్చి సీసా చూసి మూత కూడా తీయలేదు. సొరలూ, వాటికి బంధువులైన రే చేపలూ రాగిని తట్టుకోలేవు. ఒకసారి పోసిన రాగి రాళ్లలోకీ ఇసుకలోకీ ఇంకి నెలల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటుంది. "ఈ మందు పోస్తే ఈ చేపలు బతుకుతాయి సార్. రేపొచ్చే సొర బతకదు." నాలుగింటినీ వేరే తొట్టిలోకి మార్చి అక్కడ వైద్యం చేశాడు. ఒకే సంస్థ, ఒకే చొక్కా. ఒకరి చేతిలో విషం, ఇంకొకరి చేతిలో దానికి విరుగుడు. ఈ సమీక్షలో నేను ఇచ్చే మార్కులు అటూ ఇటూ ఊగడానికి కారణం ఇదే.

జూన్ మొదటి వారంలో, ఊరంతా మృగశిర కార్తెకు చేపల కోసం మార్కెట్ల దగ్గర బారులు తీరిన రోజుల్లో, మా ఇంటికి చేప కాకుండా గుడ్డు వచ్చింది. బాంబూ షార్కులు గుడ్లు పెట్టే సొరలు. ఆ గుడ్డు అచ్చం ఎండిన మామిడి టెంకలా ఉంది: గోధుమరంగు, చదును, ఒక అంచున పీచు. నీళ్లలోంచి పైకి తీయకుండానే వెనక నుంచి ఫోన్ లైటు వేస్తే లోపల పచ్చసొన ముద్ద, దాని చుట్టూ దారంలా చుట్టుకుని ఆగకుండా కదులుతున్న పిల్ల కనిపించాయి. గుడ్డు పెట్టిన దగ్గర నుంచి పిల్ల బయటికి రావడానికి నీటి వేడిని బట్టి నాలుగు నెలలు అటూ ఇటూగా పడుతుంది; మాకు వచ్చింది అప్పటికే సగం గడిచిన గుడ్డు. జూలై 27 రాత్రి వచ్చింది పిల్ల. జానెడు కూడా లేదు. ఒళ్లంతా నల్లటి, తెల్లటి పట్టీలు. పెద్దయ్యే కొద్దీ ఈ పట్టీలు వెలిసిపోయి గోధుమరంగు మిగులుతుంది.

పొట్టలో పచ్చసొన నిలవ ఉన్నన్నాళ్లూ అది తినదని కుర్రాడు చెప్పినా మాకు మనసు నిలవలేదు. రోజూ రాత్రి ఎనిమిదింటికి దీపాలు తగ్గించి, ప్లాస్టిక్ పటకారుతో గోరంత రొయ్య ముక్క దాని ముక్కు ముందు పెట్టేవాళ్లం. మొహం తిప్పుకునేది. పన్నెండో రోజున రొయ్య ముక్క ఇసుక మీద జారి పడింది. పిల్ల ముందు రెక్కల మీద లేచి, నాలుగు అడుగులు నడిచినట్టే నడిచి, మూతి దగ్గర ఉన్న రెండు మీసాలతో ఇసుక తడిమి, ముక్కను దాటిపోయి, ఆగి, వెనక్కి తిరిగింది. మరుక్షణం ఇసుకతో సహా లోపలికి లాగేసుకుంది. మొప్పల చీలికల్లోంచి ఇసుక రెండు పక్కలా పొగలా బయటికి వచ్చింది. మా నాన్నగారు చప్పట్లు కొట్టబోతే మా అబ్బాయి ఆయన చేతులు పట్టుకుని ఆపాడు. ఇప్పుడు వారానికి మూడుసార్లు తింటుంది. రాంనగర్ చేపల మార్కెట్లో తెచ్చిన రొయ్యలు, స్క్విడ్, సముద్రపు చేప ముక్కలు మార్చిమార్చి పెడతాం. కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ను చెడగొట్టే ఎంజైమ్ ఉంటుంది కాబట్టి ఒకటే మేత రోజూ పెట్టకూడదు. అయోడిన్ కలిసిన విటమిన్ మాత్రను స్క్విడ్ గొట్టంలో దూర్చి ఇవ్వడం కూడా మా కుర్రాడే నేర్పాడు. నీటిలో నైట్రేటు పేరుకుపోయి, అయోడిన్ అందకపోతే సొరలకు గొంతు కింద గాయిటర్ అనే వాపు వస్తుంది. మనుషులకు వచ్చే గాయిటరే.

యంత్రాల విషయంలో సంస్థకు నేనిచ్చేది సగం మార్కులే. నీళ్ల వేడి 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలని వాళ్ల కాగితంలోనే రాసి, నీళ్లను చల్లబరిచే అర హార్స్‌పవర్ చిల్లర్ బిగించారు. మేలో బయట ఎండ 42 డిగ్రీలకు చేరేసరికి అది ఆగకుండా తిరిగినా నీళ్లు 29 దగ్గరే నిలిచాయి. ట్యాంకులో సొర లేని వేసవిలోనే ఈ లోపం బయటపడటం మా అదృష్టం. ఒక హార్స్‌పవర్‌ది మార్చి ఇవ్వడానికి నాలుగు ఫోన్లు, ఒక వాగ్వాదం, అదనంగా 28,000 రూపాయలు పట్టాయి. లెక్క వాళ్లది, తప్పు వాళ్లది, తేడా సొమ్ము మాత్రం మాది. రెండోది ఈ జనవరిలో జరిగింది. సొర మూడు రోజులు రాతి కిందికి పోకుండా పైమూలన గాజుకు ముక్కు రాసుకుంటూ తిరిగింది, మేత ముట్టలేదు. సొరల ముక్కు చుట్టూ ఉండే సన్నటి రంధ్రాల అడుగున ఉండేవాటిని లోరెంజినీ తిత్తులు అంటారు. ఇసుకలో దాక్కున్న చేప కండరాల విద్యుత్తును కూడా అవి పసిగట్టగలవు. అందువల్ల వీటి ట్యాంకులో కరెంటు పరికరం దేని ఇన్సులేషన్ చెడినా మనకు తెలియకముందే వాటికి తెలుస్తుంది. కుర్రాడు మల్టీమీటరు నీళ్లలో పెట్టి, ఒక్కొక్క ప్లగ్గూ తీస్తూ పోతే మూడో పంపు దగ్గర అంకె పడిపోయింది. ఆ పంపు తీగ తొడుగు చిట్లి ఉంది. మార్చాడు, ఎర్తింగ్ కడ్డీ కూడా పెట్టాడు. మూడో రోజున సొర తిన్నది. ఆ పంపు కొత్తదిగా బిల్లు వేసి అమ్మినది. పెట్టె తెరిచి చూసి బిగించి ఉంటే సరిపోయేది.

మంచి మాట మరొకటి: ఈ మే నెలలో ఈదురుగాలి వానకు నల్లకుంటలో రాత్రి ఆరు గంటలు కరెంటు పోయింది. 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు పెట్టి, చిల్లర్‌ను వదిలేసి, పైకి నీళ్లు తోడే పంపునూ ట్యాంకులో నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ ఒకదాన్నీ మాత్రమే ఇన్వర్టరు మీద వేయాలని సంస్థ మొదట్లోనే చేసిన ఏర్పాటు ఆ రాత్రి ట్యాంకును కాపాడింది. ఆ తక్కువ లోడుకు పన్నెండు గంటలు వస్తాయి. ఈ ఒక్క విషయంలో వాళ్ల ఆలోచన నా ఆలోచన కన్నా ముందుంది.

నెలవారీ సేవ గురించి. వారానికోసారి వస్తామన్నారు, వస్తున్నారు. పదిహేడు నెలల్లో తప్పినవి మూడు వారాలే, వాటిలో ఒకటి సంక్రాంతి. వచ్చిన ప్రతిసారీ ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా, నైట్రేటు చూసి గోడకు తగిలించిన నోటుపుస్తకంలో రాస్తారు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 1.025 దగ్గర గీత నిలబడితే నాకు జీతం పడినంత తృప్తి. స్కిమ్మర్ కప్పు కడగడం కూడా వాళ్ల పనే. నీళ్లలోని మలినాన్ని నురగగా పట్టే ఆ యంత్రంలో వారానికి ఒక చెంబెడు కషాయం లాంటి ద్రవం చేరుతుంది. దాని వాసన వర్ణించను. ఒకసారి నేనే కడిగి, ఆ పూట భోజనం మానేశాను. వాళ్లు తీసుకునే 6,500 రూపాయల్లో సగం ఆ కప్పుకే ఇచ్చినా ధర్మమే అనిపిస్తుంది.

అసలు ఖర్చు లెక్క దాచకుండా చెబుతాను. ట్యాంకు, స్టాండు, సంప్, స్కిమ్మర్, పంపులు, చిల్లర్, ఆర్‌ఓ, రాళ్లు, బ్యాటరీలు అన్నీ కలిపి 6,40,000 రూపాయలు. గుడ్డుకు 18,000. నెలనెలా సేవ కాకుండా ఉప్పుకు దాదాపు 10,000, మేతకు 1,500. చిల్లరూ పంపులూ రోజుకు పదహారు యూనిట్లు తాగుతాయి కనుక కరెంటు బిల్లు నాలుగు వేల పైచిలుకు పెరిగింది. మొదటి రోజున సంస్థ చెప్పిన నెల ఖర్చు "అయిదారు వేలు సార్". అంటే ఇంచుమించు తమ రుసుము ఒక్కటే చెప్పారన్నమాట. జీఎస్టీ బిల్లు అడిగేదాకా ఇవ్వలేదు. అడిగాక మాత్రం వెంటనే ఇచ్చారు.

ఆ బిల్లు మీద చేప శాస్త్రీయ నామం రాయమని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. పిల్ల సొర వచ్చిన కొత్తలో అమ్మకాల మనిషి ఫోన్‌లో ఒక వీడియో చూపించి, బ్లాక్‌టిప్ రీఫ్ షార్క్ కూడా తెప్పిస్తామన్నాడు. ఆ జాతి మీటరున్నర దాటుతుంది, ఊపిరి కోసం నిరంతరం ఈదుతూనే ఉండాలి. మా ట్యాంకు దానికి జైలు గది కూడా కాదు, శవపేటిక. చట్టం సంగతి వేరే. తిమింగల సొరను మన దేశం 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. 2022లో ఆ చట్టాన్ని సవరించి, షెడ్యూళ్లను తిరగరాసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చారు. వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒడంబడిక కింద ఉన్న జాతులకు నాలుగో షెడ్యూలు పెట్టి, అలాంటి జీవిని ఇంట్లో ఉంచుకునేవారు నమోదు చేసుకోవాలన్నారు. బ్లాక్‌టిప్ కుటుంబం మొత్తాన్నీ 2022 నవంబరులో పనామాలో జరిగిన సైటిస్ సమావేశం రెండో అనుబంధంలో చేర్చింది. ఈ సంగతులేవీ అమ్మే మనిషి నోట రాలేదు. కాగితాలు అవసరం లేదు సార్, అందరూ పెంచుతున్నారు అన్నాడు. కొనేవాళ్లు ఏ జాతి అయినా పేరు రాయించుకుని, షెడ్యూళ్లలో వెతికి చూసుకున్నాకే డబ్బు ఇవ్వడం మేలు.

మాది ఆడపిల్ల అని తేలింది. మగ సొరలకు పొట్ట కింది రెక్కల దగ్గర ఉండే రెండు కడ్డీల్లాంటి అవయవాలు దీనికి లేవు. ఆడది ఒంటరిగా ఉన్నా గుడ్లు పెడుతుందట. ఇదే జాతి ఆడ సొర ఒకటి అమెరికాలో మగదానికి దూరంగా 45 నెలలు ఉన్నాక కూడా పిల్ల వచ్చే గుడ్డు పెట్టిందని, అంతకాలం మగబీజాన్ని ఒంట్లోనే దాచుకుందని 2015లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. మాది గుడ్డులోంచి మా కళ్ల ముందే వచ్చింది కాబట్టి ఆ బెంగ లేదు.

ఇక మిగిలింది అన్నిటికన్నా పెద్ద బెంగ. కొనేటప్పుడు సంస్థ ఇచ్చిన హామీల్లో నన్ను ఒప్పించినది ఇది: పెద్దదై మీకు కష్టమైతే మేమే వెనక్కి తీసుకుంటాం. ఎక్కడికి తీసుకుంటారు? మీటరు సొరను పెట్టుకునే ట్యాంకు వాళ్ల దుకాణంలో లేదు, నేను చూశాను. బందరు తీసుకెళ్లి సముద్రంలో వదలడం పరిష్కారం కాదు. గాజు పెట్టెలో పుట్టి, పటకారు నుంచి తిన్న ప్రాణికి వేట తెలియదు, అది మోసుకుపోయే రోగాలు అక్కడి చేపలకు తెలియవు. నాకున్న ఎనిమిది అడుగుల ట్యాంకు దానికి జీవితాంతం చాలుతుందన్న నమ్మకంతోనే నేను ఉన్నాను, అయినా మనిషి ఆరోగ్యం, ఉద్యోగం, ఇల్లు ఎప్పుడు ఎలా ఉంటాయో చెప్పలేం కనుక ఆ హామీ కాగితం మీద కావాలి.

అయిదు నక్షత్రాల లెక్కన చెప్పమంటే కట్టుబడికి నాలుగు, వారం వారం చేసే సేవకు నాలుగున్నర, అమ్మేముందు చెప్పే సలహాకు ఒకటి. ఆ ఒకటి కూడా టీకి. మొత్తం మీద మూడు అనుకోవచ్చు. గచ్చు సంగతి, ఎదిగిన చేప పొడవు, నెల ఖర్చు సొంతంగా లెక్క కట్టుకోగలిగినవారికి ఈ సంస్థ పనికొస్తుంది. అన్నీ వాళ్లే చెబుతారని వెళ్లేవారికి పనికిరాదు.

సెప్టెంబరులో ఒప్పందం మళ్లీ రాసుకోవాలి. ఈసారి మూడు వాక్యాలు చేర్చమని రాసి పంపాను: ట్యాంకులో పోసే ప్రతి మందు పేరూ ముందుగా నాకు చెప్పాలి, వారం వారం వచ్చేది ఇప్పటి టెక్నీషియనే అయి ఉండాలి, చేపను వెనక్కి తీసుకోవలసి వస్తే ఏ కొలతల ట్యాంకులో ఉంచుతారో అంకెలతో రాయాలి. మొదటి రెండింటికీ మరునాడే సరేనన్నారు. మూడోదానికి పద్దెనిమిది రోజులుగా జవాబు లేదు. నిన్న రాత్రి గాజుకు అంటించిన కొలత టేపు పక్కనే అది పడుకుంటే చూశాం, 41 సెంటీమీటర్లు.